సాధనలోనూ ఆటే ఆడించాలి

అల్టిమేట్ ఫ్రిస్బీ నేర్పేచోట ఎక్కువగా కనిపించేది జంట సాధనే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి డిస్క్ విసురుకుంటారు, కొన్నాళ్లకు త్రో చక్కగా కుదురుతుంది. మ్యాచ్‌లోకి దిగేసరికి మాత్రం అదే త్రో గురి తప్పుతుంది. తప్పు చేతిది కాదు. 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో జట్టుకు ఏడుగురు ఆడతారు. డిస్క్ చేతికొచ్చాక పరుగెత్తకూడదు, ఎదురుగా ఉన్న డిఫెండర్ పది లెక్కపెట్టేలోగా విసిరెయ్యాలి, అది నేల తాకితే అవతలి జట్టుదే. గాలి ఎటుంది, మనవాడు ఎటు పరుగెడుతున్నాడు, డిఫెండర్ చెయ్యి ఎటు అడ్డొస్తోంది అన్నవి ఆ కాసేపట్లోనే చూసుకోవాలి. జంట సాధనలో వీటిలో చాలావాటికి చోటే లేదు. అందుకే నియమాలు మార్చిన చిన్న ఆటలతో నేర్పడమే సరైన పద్ధతి అంటాను.

మైదానం మధ్యలో కోన్లతో చిన్న చతురస్రం గీసి, ముగ్గురికి ముగ్గురిని దించండి. అందులో డిస్క్ పట్టుకుంటే పాయింట్, ఏ దిక్కునుంచైనా రావచ్చు. డిఫెండర్లు చతురస్రం చుట్టూ గుమిగూడతారు. ఒకరు అటు పరుగెత్తినట్టే కనిపించి ఠక్కున వెనక్కి తిరుగుతారు. డిస్క్ ఉన్నవారు విసరబోయి ఆగి, పక్కనున్నవారికి ఇస్తారు. ఆ ఆగడమే ఈ ఆటలో అసలు విద్య, నా లెక్కలో. వెనక్కి పాస్ ఇవ్వడం అలవాటు కావాలా? పాయింట్‌కి ముందు ఒక పాస్ వెనక్కి వెళ్లాల్సిందే అని నియమం పెట్టండి. త్వరగా ఆలోచించాలంటే లెక్కను అయిదుకి కుదించండి.

ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరోలో బంకర్, థోర్ప్ అనే అధ్యాపకులు 1982లోనే ఈ దారి చూపించారు: ముందు ఆట అర్థం కావాలి, మెలకువలు ఆ అవసరంలోంచి రావాలి అన్నారు. 1986లో గుడ్, మాగిల్ బ్యాడ్మింటన్ సర్వీసుల మీద చేసిన పరిశోధన మరో ఆధారం. ఒకే సర్వీసును వరసగా కొట్టినవారికంటే, మూడు రకాలనూ కలగలిపి సాధన చేసినవారికి తర్వాతి పరీక్షలో విద్య బాగా నిలిచింది. అది చిన్న ఆటల మీద జరిగిన పరీక్ష కాదు, నిజమే. కానీ సాధనలో నున్నగా సాగిందల్లా నేర్చుకున్నట్టు కాదని తేల్చింది.

ఫోర్‌హ్యాండ్ పట్టే రాని పిల్లలను ఆటలోకి దించితే ఏం లాభం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మణికట్టు విసురు రాకపోతే 175 గ్రాముల డిస్క్ వణుక్కుంటూ పడిపోతుంది. ఆ విసురును పది నిమిషాలు విడిగా చూపించి, వెంటనే ఆటలోకి పంపాలి. గట్టివాళ్లే డిస్క్ పట్టుకుని కూర్చుంటారన్న భయానికి మందు నియమంలోనే ఉంది: ముగ్గురూ తాకాకే పాయింట్. కోచ్‌కి పని తగ్గుతుందనేవారితో మాత్రం ఏకీభవించను. ఏ నియమం ఎప్పుడు మార్చాలో కనిపెట్టడానికి, వరసలో నిలబెట్టి విజిల్ ఊదడం కంటే ఎంతో శ్రద్ధ కావాలి.

పైగా ఈ క్రీడలో ప్రపంచ పోటీల్లోనూ ఫౌల్‌ను తేల్చేది ఆటగాళ్లే. చెయ్యి తగిలిందో లేదో ఇద్దరూ మాట్లాడుకుంటారు, కుదరకపోతే డిస్క్ విసిరినవారికే తిరిగి వెళ్తుంది. ఊపిరి అందని వేళ, పాయింట్ పోతుందన్న ఉడుకులో నిజం చెప్పడం కూడా సాధన చెయ్యాల్సిందే. జంట త్రోల్లో ఆ సందర్భమే రాదు. ముగ్గురు ముగ్గురుగా ఆడే ఇరుకులో అది పదేపదే వస్తుంది.