ఫైల్ సర్వర్ ఫెయిలోవర్

నెట్‌వర్కులోని ఒక ఫైల్ సర్వర్ ఆగిపోయినపుడు దాని పనిని మరొక సర్వర్ తనంతట తానే చేపట్టడాన్ని స్వయంచాలక ఫెయిలోవర్ అంటారు. మొదటిది బాగుపడిన తరువాత పనిని తిరిగి దానికి అప్పగించడాన్ని ఫెయిల్‌బ్యాక్ అంటారు.

పనిచేసే విధానం

ఉదాహరణకు, పల్నాడు జిల్లాలోని ఒక సంస్థ తన ఫైళ్ళను నరసరావుపేట సర్వర్లోను, వాటి నకలును మాచర్ల సర్వర్లోను ఉంచిందనుకుందాం. రెండు సర్వర్లూ "హార్ట్‌బీట్" అనే చిన్న సంకేతాలను ఎప్పటికప్పుడు పంపుకుంటాయి. నరసరావుపేట నుండి నిర్ణీత సమయంపాటు సంకేతం రాకపోతే మాచర్ల సర్వర్ బాధ్యత తీసుకుంటుంది.

స్ప్లిట్ బ్రెయిన్

సంకేతం ఆగినంత మాత్రాన సర్వర్ ఆగినట్లు కాదు. మధ్యనున్న కేబుల్ తెగి ఉండవచ్చు. అప్పుడు రెండూ తామే ప్రధానమని భావించి ఒకే ఫైలును వేర్వేరుగా మారుస్తాయి. దీనిని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. దీని నివారణకు గురజాల వంటి మూడవచోట ఒక సాక్షి కంప్యూటరును ఉంచుతారు. ఆ సాక్షి మద్దతు పొందిన సర్వర్ మాత్రమే పని కొనసాగిస్తుంది, రెండవది ఆగిపోతుంది.

ఫెయిల్‌బ్యాక్

అంతరాయ కాలంలో మాచర్లలో జరిగిన మార్పులు నరసరావుపేట సర్వర్లో ఉండవు. వాటిని చేర్చకముందే పని అప్పగిస్తే పాత ఫైళ్ళే మళ్ళీ వాడుకలోకి వస్తాయి. 2010లో లినక్స్ కెర్నల్ 2.6.33లో భాగమైన డీఆర్‌బీడీ వంటి సాఫ్ట్‌వేర్లు మారిన భాగాలను మాత్రమే నకలు చేసి ఈ పనిని త్వరగా ముగిస్తాయి. అయినప్పటికీ ఫెయిల్‌బ్యాకును నిర్వాహకులు సరిచూసిన తరువాతే జరపడం క్షేమం.