సర్వర్‌లో ఉన్నా దొరకని ఆత్మకూరు

నంద్యాల జిల్లా ఆత్మకూరు మీద వచ్చిన వార్తలన్నీ ఒక సర్వర్‌లో ఉన్నాయనుకుందాం. ‘ఆత్మకూరు’ అని కొట్టి వెతికితే కొన్నే బయటికొస్తాయి. ‘ఆత్మకూరులో’, ‘ఆత్మకూరుకు’, ‘ఆత్మకూర్లో’ అని రాసినవి చాలాసార్లు లోపలే ఉండిపోతాయి.

వెతికిన ప్రతిసారీ సర్వర్ మొత్తం పాఠాన్ని చదవదు. ముందే మాటలు విడదీసి, పుస్తకం చివరి పదసూచికలా, ఏ మాట ఎక్కడుందో రాసి పెట్టుకుంటుంది. ఇంగ్లీషును ఖాళీల దగ్గర కోస్తే చాలావరకు సరిపోతుంది. చైనీస్‌లో మాటల మధ్య ఖాళీలే ఉండవు. అందుకే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 5.7 వెర్షన్‌లో ఎన్‌గ్రామ్ పద్ధతి తెచ్చారు. వరసగా రెండేసి అక్షరాలు తీసుకుంటే నాలుగక్షరాల పేరు మూడు జంటలుగా సూచికకెక్కుతుంది. కొరియన్‌లో ఖాళీలున్నా, మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు నామవాచకాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. వాటిని నిఘంటువు సాయంతో విడదీసే ‘నోరి’ అనే విశ్లేషకం ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్‌కు ఉంది. తెలుగు చిక్కు కొరియన్‌కు దగ్గరది.

దానికి గుణింతం తోడవుతుంది. ‘ఆత్మకూరు’ కంటికి నాలుగక్షరాలే. యూనికోడ్‌లో మాత్రం ఎనిమిది సంకేతాలు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మాటలు ఏరడానికి వాడే మామూలు సూత్రం పొల్లునీ గుణింతపు గుర్తుల్నీ అక్షరాలుగా లెక్కించదు. దాని చేతిలో ఈ ఊరు ‘ఆత’, ‘మక’, ‘ర’ అని మూడు ముక్కలవుతుంది!

ఇక రాతలో తేడాలు. ఆళ్లగడ్డ అనీ ఆళ్ళగడ్డ అనీ రెండు విధాలా రాస్తాం. యంత్రానికవి రెండు వేర్వేరు ఊళ్లు. ‘శ్రీశైలం’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం మీద మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ నిల్వచేయవచ్చు. చూపుకు తేడా ఉండదు. ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో వత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు ఒకరి టైపింగులో ఉంటుంది, మరొకరి దాంట్లో ఉండదు.

మందు ఉంది. సూచిక తయారుచేసేటప్పుడు పాఠానికి ఏ నియమాలు వర్తింపజేస్తారో, వెతికేవారు కొట్టిన మాటకూ అవే వర్తింపజేయాలి. ముందుగా యూనికోడ్ ఏకరూపత, తర్వాత కనిపించని గుర్తుల తొలగింపు, ఆపైన ‘ళ్ళ’, ‘ళ్ల’ల కలయిక, చివరికి ప్రత్యయాల కోత. వెతుకులాటకు వాడే లూసీన్ సాఫ్ట్‌వేర్ 9.0 వెర్షన్‌లో తెలుగు విశ్లేషకం చేరింది. అక్షరాల్ని ఏకరూపం చేసే భాగం, ప్రత్యయాల్ని కోసే భాగం రెండూ అందులో ఉన్నాయి. తెలుగు పత్రాల్ని భద్రపరిచే ప్రతి సంస్థా వాటిని తమ పాఠాలతో పరీక్షించి వాడుకోవాలి.

కోతకూ హద్దుండాలి. చివరి ఉత్వాన్ని తీసేస్తే ఈ ఆత్మకూరు, వనపర్తి జిల్లా ఆత్మకూర్ ఒకటైపోతాయి. నెల్లూరు జిల్లాలోనూ ఆత్మకూరు ఉంది. కాబట్టి ఊరి పేరుతో పాటు జిల్లానూ వేరే గడిలో నమోదు చేయాలి. 2022 ఏప్రిల్‌కు ముందు వార్తల్లో నంద్యాల జిల్లా ఆత్మకూరు కర్నూలు జిల్లాది గనుక, ఆ గడిలో పాత జిల్లా పేరు కూడా ఉండాలి.