ట్రిగ్గర్ తొట్టిలో రొయ్య బతకాలంటే

ట్రిగ్గర్ చేప వీపు మీది మొదటి ముల్లు ఒకసారి లేచి నిలబడిందంటే ఎంత నొక్కినా వంగదు. వెనకున్న చిన్న ముల్లు గడియలా పడి దాన్ని బిగిస్తుంది. ఆ చిన్నదాన్ని నొక్కితే మాత్రం పెద్దది ఇట్టే వాలిపోతుంది. రాత్రిపూట రాతి సందులో దూరి, ముల్లు బిగించుకుని పడుకున్న చేపను బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. సుమారు 40 జాతులున్న ఈ కుటుంబానికి నోరు చిన్నది, పళ్లు ఉలి మొనలు. పీత డిప్ప, నత్త గుల్ల పగలగొట్టడానికే అవి ఏర్పడ్డాయి. పగడపు దిబ్బలాగా అమర్చిన అక్వేరియంలో నాచు మేసేది నత్తలు, మిగిలిన మేత ఏరుకునేది పీతలు, చేపల ఒంటి మీది పురుగులు తీసేది రొయ్యలు. తొట్టిని శుభ్రంగా ఉంచే ఈ జీవులన్నీ ట్రిగ్గర్‌కు ఆహారమే.

అయితే ట్రిగ్గర్లన్నీ ఒక తీరువి కావు. నారింజ గీతల ట్రిగ్గర్, క్లౌన్, పికాసో జాతులు అడుగున తిరుగుతూ వేటాడతాయి. పెద్ద ట్రిగ్గర్ ముళ్ల బంతిలాంటి సీ అర్చిన్‌ను పట్టే తీరు చూడాల్సిందే. నోటితో నీటిని బలంగా ఊది దాన్ని బోర్లా పడేస్తుంది. ముళ్లు పొట్టిగా ఉండే అడుగు భాగం పైకి రాగానే అక్కడ కొరుకుతుంది. ఇంత నేర్పున్న చేప పక్కన రొయ్యను వదలడమంటే మేత వేయడమే.

నడినీటిలో ఈదుతూ ప్లవకాలను పట్టి తినే జాతులు వేరు. ఎర్రపళ్ల ట్రిగ్గర్, నీలికంఠపు ట్రిగ్గర్, నల్ల ట్రిగ్గర్ ఈ కోవలోవి. రొయ్యలతో కలిపి పెంచాలనుకుంటే వీటిలోంచే ఎంచుకోవాలి, అందులోనూ 30 సెంటీమీటర్లకు మించని నీలికంఠానిదే మొదటి స్థానం. ఎర్రపళ్లది 50 సెంటీమీటర్ల దాకా పెరగగలదు. తొట్టిలో ముచ్చటగా పెంచుకునే ఈ చేపే మంగళూరు, కేరళ ట్రాలర్ల వలల్లో కుప్పలుగా పడి చేపల పిండి మిల్లులకు వెళ్తుంటుంది.

జాతి కుదిరాక వరస ముఖ్యం. రొయ్యలు, పీతలు ముందు చేరి చోటు వెతుక్కోవాలి. ట్రిగ్గర్ పిల్లగా ఉన్నప్పుడే, అన్నిటికన్నా చివర రావాలి. తర్వాత కొత్త రొయ్యను తేవాల్సి వస్తే దీపాలు ఆర్పాక, ట్రిగ్గర్ నిద్రలో ఉండగా రాళ్ల మధ్య వదలాలి. మేత రోజుకు రెండు మూడుసార్లు పడాలి, ఆకలితో ఉన్న ట్రిగ్గర్‌ను నమ్మడానికి లేదు. తిండి ఎక్కువైతే నైట్రేటు పెరుగుతుంది గనుక మురికిని నురగతో తీసేసే పెద్ద స్కిమ్మర్ తప్పదు.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామికవాడల్లో రొయ్యకు ట్రిగ్గర్ కన్నా ముందు నీళ్లే గండం. ఇక్కడ ఉప్పునీటిని తయారు చేసుకోవాల్సిందే. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలిసిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు దొరికాయని 2009 నాటి మరో అధ్యయనం చెప్పింది. అక్వేరియం నడిచేదే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా మీద, యాంటీబయాటిక్ ఆ బ్యాక్టీరియానే దెబ్బతీయగలదు. అందుకని బోరు నీళ్లు నేరుగా పోయకూడదు. ఆర్వో వడపోత, ఆ తర్వాత మిగిలిన లవణాలను పట్టే డీఐ రెసిన్ దాటి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపించిన నీళ్లే పనికొస్తాయి. శుద్ధ నీటితోనే పని నడిచే బల్క్ డ్రగ్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లకు ఈ పట్టింపు వింతేమీ కాదు.

ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టిలో దాదాపు 680 లీటర్లు పడతాయి. లీటరుకు 35 గ్రాముల చొప్పున 24 కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే ప్రతిసారీ దాదాపు రెండున్నర కిలోలు ఖర్చు. ఎండాకాలంలో బయట 40 డిగ్రీలు దాటినా తొట్టి 25-27 మధ్యే ఉండాలి. ఫ్యాను గాలికి వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గినా, నీరు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది. ఆ లోటును ఉప్పులేని డీఐ నీటితోనే పూడ్చాలి. ఉప్పదనం ఒక్కసారిగా మారితే చేప తట్టుకోగలదేమో గానీ రొయ్య తట్టుకోలేదు. కరెంటు పోయినప్పుడు ఆక్సిజన్ పడిపోకుండా బ్యాటరీ పంపు సిద్ధంగా ఉండాలి.

చేపకు తెల్లమచ్చల జబ్బు వస్తే ఎక్కువమంది వాడేది రాగి మందు. లీటరుకు మిల్లీగ్రాములో ఐదో వంతు రాగి చేపకు మందు, రొయ్యకూ నత్తకూ విషం. ఒకసారి పోసిన రాగి రాళ్లలోకీ ఇసుకలోకీ ఇంకి చాలాకాలం ఊరుతుంటుంది. కాబట్టి వైద్యం వేరే తొట్టిలోనే జరగాలి. కొత్త ట్రిగ్గర్‌ను నాలుగు వారాలైనా విడిగా ఉంచి, జబ్బు లేదని తేలాకే ప్రధాన తొట్టిలోకి వదలాలి.

చట్టం సంగతి మరీ ముఖ్యం. రాతి పగడాలను, సముద్ర దోసకాయలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. అందుకే పగడపు రాళ్లకు బదులు ఇక్కడి తొట్లకు సిరామిక్, సిమెంటు రాళ్లే దారి. వాటిలో ట్రిగ్గర్ పట్టేంత సందులు కొన్ని, రొయ్య మాత్రమే దూరగల సన్న సందులు ఇంకొన్ని మలచవచ్చు.