పిట్ట కొంచెం, కూత ఘనం

కెమెరా కొనదలచినవారు దుకాణంలో అడుగు పెట్టగానే వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని మెగాపిక్సెళ్లండీ?" బియ్యం కొనేవారు పాతవా, కొత్తవా అని అడిగినట్టు, పట్టుచీర కొనేవారు జరీ అసలుదేనా అని అడిగినట్టు, ఇదీ ఒక ఆచారమై కూర్చున్నది. దుకాణదారు ఒక పెద్ద అంకె చెబుతాడు. కొనేవారు తృప్తిగా తల ఊపుతారు. ఇంటికి వచ్చి, దీపాలు పెట్టేవేళ పిల్లవాడి ఫోటో తీసి చూసుకుంటే ముఖం మసక, గోడ మసక. అంకె ఒక్కటే స్పష్టం!

ఈ అంకె సంగతి తేలాలంటే ఏదో ఒక కెమెరాను తక్కెడలో వేసి తూచడం మంచిది. నా దగ్గర ఒకటి ఉన్నది. దాని పేరు సోనీ సైబర్‌షాట్ ఆర్.ఎక్స్. 100. ఈ రకం 2012లో బజారుకు వచ్చింది, నేను 2013లో కొన్నాను, నేటికీ వాడుతున్నాను. తరువాత దీని తమ్ముళ్లు చాలామంది పుట్టారు. 2019లో వచ్చినదానికి ఏడో నంబరు వేశారు. నేను చెప్పబోయేది పెద్దన్నగారి సంగతి. పొగిడి అమ్ముకోవలసిన అవసరం నాకు లేదు, తిట్టి పారేయవలసిన కోపమూ లేదు గనుక ఉన్నమాట చెబుతాను.

చుక్కల లెక్క

డిజిటల్ కెమెరాలో ఫిల్ము ఉండదు. దాని స్థానంలో సెన్సర్ అనే చిన్న పలక ఉంటుంది. వెలుతురు పడినప్పుడు ఆ పలక మీది చుక్కలు ఒక్కొక్కటీ ఎంత వెలుగు సోకిందో లెక్క కట్టి చెబుతాయి. పది లక్షల చుక్కలైతే ఒక మెగాపిక్సెల్. 1975లో అమెరికాలోని కోడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేసినప్పుడు అందులో ఉన్న చుక్కలు 10,000 మాత్రమే. రంగులు లేవు. ఒక్క బొమ్మ క్యాసెట్టు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. బరువు మూడున్నర కిలోల పైచిలుకు. అంటే ఒక చంటిపిల్లను ఎత్తుకున్నట్టే.

నా కెమెరాలో చుక్కలు రెండు కోట్ల పైన. బరువు బ్యాటరీతో, కార్డుతో కలిపి 240 గ్రాములు. పది సెంటీమీటర్ల పొడవు, ఆరుకు కాస్త తక్కువ ఎత్తు, మూడున్నర సెంటీమీటర్ల మందం. చొక్కా జేబులో పడుతుంది. జేబు మాత్రం కాస్త వేలాడుతుంది లెండి.

అయితే రెండు కోట్ల చుక్కలు మనకు కావాలా? మామూలుగా ఆల్బములో అతికించుకునే నాలుగంగుళాలు, ఆరంగుళాల ఫోటో చక్కగా అచ్చు కావాలంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున దాదాపు 22 లక్షల చుక్కలు చాలు. రెండు కోట్లు ఉంటే పన్నెండంగుళాలు, పద్దెనిమిదంగుళాల పటం కట్టించుకోవచ్చును. మన ఇళ్లలో అంత పెద్ద పటాలు దేవుళ్లకూ, పెద్దలకూ తప్ప ఎవరికి కట్టిస్తాము? కనుక అంకె పెద్దదని మురిసిపోనక్కర లేదు. చూడవలసినది మరొకటి ఉన్నది.

గంగాళమా, చెంబా?

వాన కురుస్తున్నప్పుడు వాకిట్లో గంగాళం పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, చెంబు పెడితే ఎన్ని పడతాయి? వాన ఒక్కటే, మూతి వెడల్పులోనే తేడా. వెలుతురు కూడా వానవంటిదే. సెన్సర్ పలక ఎంత వెడల్పయితే అంత వెలుతురు పట్టుకుంటుంది. ఆ రోజుల్లో మామూలు చిన్న కెమెరాల పలక సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. దీని పలక 13.2 మిల్లీమీటర్లు, 8.8 మిల్లీమీటర్లు. వైశాల్యంలో నాలుగింతలు. అంత పలకను అంత చిన్న పెట్టెలో ఇమడ్చడమే ఈ కెమెరా సాధించిన ఘనకార్యం.

ఇక్కడొక తమాషా ఉన్నది. ఈ పలకను వ్యాపారంలో "ఒక అంగుళం సెన్సర్" అంటారు. స్కేలు పెట్టి ఎటు కొలిచినా అంగుళం రాదు! పూర్వం టెలివిజన్ కెమెరాలలో గాజు గొట్టాలు ఉండేవి. గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి పేరు పెట్టేవారు. గొట్టాలు పోయాయి, పేరు మిగిలింది.

పలక తరువాత లెన్సు. దీని లెన్సు కంత కొలత ఎఫ్/1.8 నుంచి మొదలవుతుంది. ఈ అంకె రైలు వెయిటింగ్ లిస్టు నంబరు వంటిది. ఎంత చిన్నదయితే అంత మేలు. అంకె తగ్గినకొద్దీ కంత పెద్దదై, వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుంది.

దీపాల వేళ

ఈ పలక, ఈ కంత కలిస్తే ఏమవుతుందో మా అమ్మ ఫోటో చూస్తే తెలుస్తుంది. కంటి శుక్లాలకు ఆపరేషను అయిన తరువాత అమ్మకు ఫ్లాష్ మెరుపు గిట్టేది కాదు. "ఆ మెరుపు వద్దురా నాయనా, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి" అని చెయ్యి అడ్డం పెట్టుకునేది. పెళ్లిళ్లలో తీసిన ఫోటోలన్నిటిలోనూ ఆవిడ అరచెయ్యి ఉన్నది గాని ముఖం లేదు.

ఒక వేసవి సాయంకాలం వసారాలో, నలభై క్యాండిళ్ల బల్బు వెలుగులో కూర్చుని అమ్మ మల్లెమొగ్గలు మాల కడుతున్నది. ఎదురుగా అరుగు మీద కూర్చుని, ఫ్లాష్ లేకుండా, కంత పూర్తిగా తెరిచి, సెకనులో ముప్పయ్యో వంతు కాలంలో ఒక ఫోటో తీశాను. చేతి వణుకును కాస్త సర్దే ఏర్పాటు లెన్సులోనే ఉన్నది గనుక బొమ్మ చెదరలేదు. అందులో అమ్మ నవ్వడం లేదు, నా వంక చూడటమూ లేదు; పళ్లతో దారం బిగబట్టి, దండ వంక చూస్తున్నది. అమ్మ 2018లో వెళ్లిపోయింది. ఇంట్లో అందరూ పటం కట్టించమన్నది ఆ ఫోటోనే. స్టూడియోలో కూర్చోబెట్టి తీయించినది మరొకటి ఉన్నా, దాన్ని చూసి మా మేనత్త, "ఇది వదిన పోలికలో ఉన్న ఎవరో" అన్నది.

ఫ్లాష్ వాడక తప్పనప్పుడు కూడా దీనిలో ఒక కిటుకు ఉన్నది. మీట నొక్కితే ఫ్లాష్ చిన్న చెయ్యిలా పైకి లేస్తుంది. దాన్ని చూపుడువేలితో వెనక్కి వంచి పట్టుకుంటే మెరుపు మనుషుల ముఖాన కొట్టక, ఇంటి కప్పుకు తగిలి, మెత్తగా కిందికి దిగుతుంది. నిద్రపోయే పసిబిడ్డ ఉలిక్కిపడదు. అయితే కప్పు తెల్లగా ఉండాలి. ఆకుపచ్చ రంగు వేయించిన గదిలో తీస్తే చుట్టాలందరూ పసరు తాగినట్టు కనిపిస్తారు. కల్యాణమండపాల్లో కప్పు ఆకాశంలో ఉంటుంది. అక్కడ ఈ కిటుకు పారదు.

ఇక పేచీలు

గుణాలు చెప్పాను గనుక పేచీలు దాచడం ధర్మం కాదు. చిత్రమేమంటే, పేచీలలో చాలావాటికి గుణాలే కారణం.

ఒంటిమీద పట్టు లేదు. జేబులో జారాలని నున్నగా చేశారు, చేతిలోనూ జారుతుంది. పట్టుకోసం అతికించుకునే చిన్న బొడిపె విడిగా దొరుకుతుంది. అది లేకపోయినా, మణికట్టుకు తాడు వేసుకోకుండా దీన్ని బయటికి తీయరాదు.

కంటికి ఆనించి చూసే కిటికీ లేదు. అంత పెట్టెలో దానికి చోటు లేకపోయింది. 2014లో వచ్చిన మూడో తమ్ముడికి గాని ఆ కిటికీ అమర్చలేదు. మిట్టమధ్యాహ్నం తిరుమల మాడవీధిలో నిలబడి వెనకవైపు తెర చూస్తే, అందులో స్వామివారి వాహనానికి బదులు మన ముఖమే దర్శనమిస్తుంది.

దూరపు వస్తువును దగ్గరకు లాగే జూమ్ మూడున్నర రెట్లు మాత్రమే. అదీగాక, పూర్తిగా లాగితే కంత ఎఫ్/4.9కు ముడుచుకుపోతుంది. అంటే మొదట వచ్చే వెలుతురులో ఏడో వంతే వస్తుంది. గంగాళం మీద మూత వేసినట్టన్నమాట. చీకట్లో వేదిక మీద నాట్యం చేసే అమ్మాయిని ఆఖరి వరసలోనుంచి తీయాలనుకునేవారికి ఇది పనికిరాదు. పూర్తిగా లాగినప్పుడు అరమీటరుకన్నా దగ్గర వస్తువు కూడా దీనికి ఆనదు. ముక్కుపుడక మెరుపు కావాలంటే జూమ్ తగ్గించి, దగ్గరకు జరగవలసిందే.

బ్యాటరీ సుమారు 330 ఫోటోలకు వస్తుందని లెక్క. పెళ్లికి చాలదు, గృహప్రవేశానికి చాలుతుంది. పైగా కెమెరాతో తీగ ఇస్తారు గాని విడిగా చార్జరు ఇవ్వరు. బ్యాటరీ నిండే దాకా కెమెరా గోడకు కట్టేసిన దూడలా పడి ఉంటుంది. మరొక బ్యాటరీ, విడి చార్జరు కొనుక్కున్నవారు సుఖపడతారు.

ఇక అమరికల పట్టికలు! ఒకదానిలో ఒకటి, దానిలో మరొకటి. కొత్తవారికి ఇవన్నీ ఒకేసారి చూపడం అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టడమే. మొదటి నెల దాన్నే ఆలోచించుకోనిచ్చి, తరువాత ఒక్కొక్కటీ నేర్చుకోవడం మేలు.

ఫోను ఉండగా ఇదెందుకు?

ఈ ప్రశ్న మీరు అడగకముందే మా అబ్బాయి అడిగాడు. "ఇంకా ఆ డబ్బా ఎందుకు నాన్నా, అమ్మేయండి" అన్నాడు. లోకం కూడా వాడి పక్షానే ఉన్నది. 2010లో జపాను కంపెనీల డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైగా బయటికి వెళ్లాయి. 2023 వచ్చేసరికి అవి 80 లక్షలకు లోపే. మిగతా జనమంతా ఫోనుతో తృప్తి పడ్డారు.

అందులో తప్పు లేదు. మంచి ఎండలో, పదిమంది నిలబడిన ఫోటోకు నేటి ఫోను దీనికి తీసిపోదు. ఫోను ఒక్క నొక్కుకు నాలుగైదు బొమ్మలు తీసి, లెక్కలు కట్టి, ఒకటిగా కలుపుతుంది. తీసిన నిమిషంలో అమెరికాలోని మనవరాలికి చేరవేస్తుంది. నా కెమెరాకు వైఫై లేదు. కార్డు తీసి కంప్యూటరులో పెట్టేదాకా ఫోటో గడప దాటదు.

కాని ముఖం సంగతి వేరు. ఫోనులోని ప్రధాన లెన్సు విశాలంగా చూసేది. ముఖం నిండుగా రావాలని దగ్గరకు వెడితే ముక్కు ముందుకు వచ్చి, చెవులు వెనక్కి పోతాయి. లోపం లెన్సుది కాదు, దూరానిది. నాలుగడుగులు వెనక్కి జరిగి, లెన్సును ముందుకు లాగి తీస్తే ముఖం మనం ఎదురుగా కూర్చుని చూసినట్టే వస్తుంది. ఆ వెసులుబాటు ఈ కెమెరాలో ఉన్నది. దూరపులెన్సు విడిగా ఉన్న ఖరీదైన ఫోనులు కొన్ని ఈ పని చేస్తాయి. తక్కువ ధరవి చేయలేవు.

మా అబ్బాయి వాదం వింటున్న మా అమ్మాయి, "అన్నయ్యా, ఫోను తీస్తే ఫోటోతోబాటు పది పనులు గుర్తొస్తాయి. దీన్ని తీస్తే ఫోటో ఒక్కటే గుర్తొస్తుంది" అన్నది. ఈమధ్య కుర్రకారు ఇలాంటి పాత చిన్న కెమెరాలకోసం మళ్లీ వెతుకుతున్నారంటే ఇదే కారణమేమో. ఉద్యోగానికి పూణే వెడుతూ తనకే కావాలన్నది. ఇచ్చాను. సెలవులకు వచ్చినప్పుడు నాకు ఇవ్వాలన్నది ఒప్పందం.

కొనేవారికి నాలుగు మాటలు

ఇటువంటిది ఇప్పుడు కొనాలనుకునేవారు చాలామంది వాడినదే కొంటారు. అప్పుడు నాలుగు పరీక్షలు చేయండి. లెన్సును పదిసార్లు బయటికి, లోపలికి నడిపించండి. గరగర శబ్దం వస్తే లోపల ఇసుక చేరినట్టే. కంతను ఎఫ్/11 దాకా ముడిచి, తెల్లగోడను తీసి, తెర మీద పెద్దది చేసి చూడండి. నల్లమచ్చలుంటే పలక మీద దుమ్ము పడిందని అర్థం. ఈ కెమెరాకు లెన్సు ఊడదు గనుక దాన్ని ఇంట్లో తుడవలేరు. బ్యాటరీ ఉబ్బినదేమో చూడండి. ఆఖరుగా, దుకాణంలో దీపం తక్కువ ఉన్న మూలకు వెళ్లి, ఫ్లాష్ లేకుండా ఒక మనిషి ముఖం తీయండి. మెగాపిక్సెళ్ల అంకె చెప్పలేని సంగతి ఆ ఒక్క ఫోటో చెబుతుంది.

కొన్న తరువాత చేయవలసినది మరొకటి ఉన్నది. 2015 పుష్కరాలలో మా పక్కింటివారి ఫోను ఘాటు మెట్ల మీదనుంచి గోదావరిలో పడింది. ఫోను పోయినందుకు కాదు, అందులో ఏడాది పొడవునా తీసిన మనవడి ఫోటోలు పోయినందుకు ఆ ఇల్లాలు రెండురోజులు అన్నం ముట్టలేదు. కెమెరా అయినా ఫోను అయినా, ఫోటో ఒక్కచోటే ఉంటే లేనట్టే. రెండోచోట కూడా దాచండి. ఏడాదికి ఇరవై అయినా కాగితం మీద అచ్చు వేయించండి. చుక్కలు ఇరవై రెండు లక్షలుంటే చాలునని చెప్పాను గదా. ఖర్చు కూడా ఒక పూట ఫలహారంకన్నా ఎక్కువ కాదు. ఆల్బము తెరవడానికి చార్జరు అక్కర లేదు, పాస్‌వర్డూ అక్కర లేదు.