ఇరవై నాలుగో వంతు జిప్సీ

ప్లాస్టిక్ కారు కిట్ అనగానే చాలామంది మిత్రులకు పిల్లల బొమ్మే గుర్తొస్తుంది. కానీ అది అంత తేలిక వ్యవహారం కాదు. అసలు కారును ఇరవై నాలుగో వంతుకు కుదించి, పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌తో పోతపోసిన ముక్కలు చట్రాలకు అంటుకుని పెట్టెలో వస్తాయి. కత్తిరించుకుని, అతికించుకుని, రంగు వేసుకోవాలి. కాగితంలో చెప్పినట్టు చేస్తే పెట్టె మీది కారు తయారవుతుంది. మనకు కావలసిన కారు ఆ పెట్టెలో లేనప్పుడే అసలు పని మొదలవుతుంది.

నాకు కావలసింది మా ఇంటి మారుతి జిప్సీ కింగ్. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. మిరపనారు, ఎరువు కట్టలు, పాలక్యాన్లు అన్నీ దాని మీదే. నడిరాత్రి నొప్పులొస్తే మా పిన్నిని ఆస్పత్రికి చేర్చిందీ అదే. నిరుడు మిరప లెక్క తేలక, దాన్ని అమ్మేయాలని ఇంట్లో నిశ్చయించారు. అమ్మేలోపు కొలతలు తీసుకోవాలని నేను పట్టుబట్టాను. "ఒరే, అమ్మే బండికి కొలతలెందుకురా?" అంటూనే నాన్న టేపు రెండో కొస పట్టుకున్నాడు.

జిప్సీకి మూలం జపాను సుజుకి జిమ్నీ. మన దేశంలో 1985 డిసెంబరులో వచ్చి 2019లో ఆగిపోయింది. జిమ్నీ కిట్టు జపానులో హసెగావా వారు చేశారు, జె.ఎ.11 అనే 1995 నాటి రకం. ట్యూషన్ల డబ్బుతో దాన్నే తెప్పించాను. రెండు బండ్లకూ కుడివైపే స్టీరింగు, రెండింటికీ కమాను పట్టీలే. కనుక సగం శ్రమ తప్పింది. మిగతా సగం పొడవులో ఉంది.

జపానులో చిన్నకార్లకు ఒక చట్టముంది. జె.ఎ.11 కాలానికి పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు, ఇంజను 660 సి.సి. మించకూడదు. అందుకని ఆ జిమ్నీ 3295 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. మన జిప్సీ 4010. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ నడుమ దూరం జిమ్నీకి 2030, జిప్సీకి 2375. తేడా 345. ఇరవై నాలుగుతో భాగిస్తే 14.4 మిల్లీమీటర్లు. మిగిలిన పొడవులో ఎక్కువ భాగం వెనక చక్రం దాటాక, కాస్త బంపర్లలో పోతుంది.

పుస్తకంలో అంకెలుండగా టేపెందుకు అనవచ్చు. పుస్తకం జిప్సీల సంగతి చెబుతుంది గానీ మా జిప్సీ సంగతి చెప్పదు. తాపీమేస్త్రి తూకం గుండును ఇరుసు మధ్య నుంచి వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, గుర్తుల మధ్య కొలిచాం. ఫోటోలు దగ్గర నుంచి తీస్తే ముందున్న చక్రం పెద్దదిగా పడుతుంది. దూరంగా నిలబడి, జూమ్ చేసి, బండి పక్కన ఒక మీటరు బద్ద ఆనించి తీయాలి. అప్పుడు ఫోటో మీదే కొలవొచ్చు.

ఇక కోత. తలుపు వెనక, చక్రం వంపుకు దూరంగా, చదునుగా ఉన్నచోట సన్నపళ్ళ రంపంతో బాడీని రెండుగా కోయాలి. చాసిస్‌ను కూడా అంతే దూరంలో కోసి, రెండింట్లోనూ 14.4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ రేకు ముక్కలు పెట్టాలి. వెనక ఇరుసుకు పోయే షాఫ్టునూ అంతే పెంచాలి. అతికేటప్పుడు చాసిస్‌ను గాజుపలక మీద, కింద గ్రాఫు కాగితం పరచి ఉంచాలి. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి, నాలుగోది ఉండాలని లేదు. గాజు లేకపోతే నాలుగో చక్రం గాల్లో తేలుతుంది.

జిగురు దగ్గర మన కెమిస్ట్రీ పనికొస్తుంది. తెల్లజిగురు ప్లాస్టిక్‌లోకి ఇంకదు. ఫెవిక్విక్ గట్టిపడేది గాలిలోని తేమతో. అది రెండు ముక్కల మధ్య పొరలా నిలుస్తుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది. మోడల్ సిమెంటులో బ్యుటైల్ ఎసిటేట్, ఎసిటోన్ ఉంటాయి. అవి పాలీస్టైరిన్‌ను కరిగిస్తాయి. రెండంచుల గొలుసు అణువులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి, ద్రావణి ఆరిపోయాక అతుకు ఒక్క ముక్కే. చట్రం తుంపులను అదే సిమెంటులో కరిగిస్తే సందులు పూడ్చే లప్పం కూడా సిద్ధం. అయితే ఆరేకొద్దీ కుంగుతుంది. నాలుగు రోజులు ఆగి గరుకుకాగితం పట్టాలి. ఈ నాలుగు రోజులూ ఆగలేనివాళ్ళు ఈ పనికి రాకపోవడమే మేలు.

వెడల్పు తేడా చక్రాల మీది మడ్‌గార్డు అంచుల్లో ఉంది. 1395 నుంచి 1540కి, అంటే మోడల్‌లో పక్కకు 3 మిల్లీమీటర్లు. జె.ఎ.11కు టర్బో ఉంది కనుక బానెట్ మీద గాలి గూడు ఉంటుంది. మన జిప్సీకి టర్బో లేదు, ఆ గూడును మా బండి బానెట్‌కు తగ్గట్టు మార్చాను. పైకప్పు కూడా తీసేసి, రాగితీగ కమ్మీలు వంచి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ముంచిన టిష్యూ కాగితం పరిచాను. ఆరాక అచ్చం మా కాన్వాసు టాపే, ముడతలతో సహా.

ఎడమ పక్క వెనక చక్రం దగ్గర ట్రాక్టరు ట్రక్కు తగిలిన నొక్కు ఒకటుంది. అదీ ఉండాలన్నాను. ప్లాస్టిక్‌ను లోపలివైపు పలుచగా గీకాను. పాలీస్టైరిన్ 100 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది, అందుకని మరిగే నీళ్ళలో ముంచిన చెంచా కాడతో మెల్లగా నొక్కాను. కొన్నాయన ఆ నొక్కు తీయించి రంగేయిస్తానని చెప్పి బండి తోలుకుపోయాడు.

నంబరు ప్లేటొక్కటే మిగిలింది. అసలు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, నా దాని మీద 2.7. సన్నకుంచె దొరకగానే రాస్తాను.