పరభాషలో పాత్రధారి: పీటర్ లోరె

పరదేశమునకు వలస వెళ్లిన రచయితకు కాగితం మీదనైనా మాతృభాష మిగులుతుంది. నటునకు ఆ మాత్రపు ఆశ్రయం కూడ లేదు. అతని పనిముట్టు నోరు. కొత్త భాషలో ఆ నోరే తిరగదు. పీటర్ లోరె నట జీవితమంతా ఈ చిక్కుతోనే గడచినది.

అతని అసలు పేరు లాస్లో లోవెన్‌స్టయిన్. 1904లో నాటి హంగరీ రాజ్యంలో, నేడు స్లొవేకియాలో ఉన్న ఒక పట్టణంలో, జర్మను మాట్లాడే యూదు కుటుంబంలో జన్మించినాడు. వియన్నా, బెర్లిను రంగస్థలాలపై ఆరితేరి, 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎమ్’ చిత్రంలో పసిపిల్లలను చంపే హంతకుడుగా ప్రసిద్ధి కెక్కినాడు. కథ చివర దొంగలే న్యాయాధిపతులై కూర్చున్న సభలో ఆ హంతకుడు మొర పెట్టుకుంటాడు. లోపలినుండి తన్ను తరుముతున్నదేమిటో చెప్పలేక చెబుతాడు. అసహ్యించుకొనడానికి సిద్ధపడి వచ్చిన ప్రేక్షకుడు తనకు తెలియకుండానే జాలిపడతాడు. మాతృభాషపై పూర్తి అధికారం లేనివానికి ఆ దృశ్యం సాధ్యమయ్యేది కాదు.

1933లో నాజీలు అధికారానికి రాగా లోరె జర్మనీ విడిచినాడు. 1940లో నాజీలు యూదులపై ద్వేషం రగిలించుటకు తీసిన ‘డెర్ ఎవిగె యూడె’ అనే ప్రచార చిత్రంలో ఆ మొర దృశ్యాన్నే అతికించి, యూదుల స్వభావమునకు ఇదే సాక్ష్యమన్నట్లు ప్రదర్శించినారు. నటుని ప్రతిభనే అతని జాతిపై నేరారోపణగా మార్చిన ఉదంతాలలో ఇంతకంటె నీచమైనది కనబడదు.

లండనులో హిచ్‌కాక్ 1934లో అతనికి ప్రతినాయకుని వేషమిచ్చినప్పుడు ఇంగ్లీషు ఇంకను పట్టుబడలేదు; సంభాషణలను చాలవరకు ధ్వనిని బట్టి కంఠస్థం చేసినాడు. హాలీవుడ్‌లో 1935లో దొస్తోయెవ్‌స్కీ సృష్టించిన రాస్కోల్నికోవ్ పాత్ర లభించినది గాని, అటువంటి అదృష్టం మరల తరచుగా రాలేదు. 1937 నుండి 1939 వరకు మోటో అనే జపాను గూఢచారిగా ఎనిమిది చిత్రాలలో నటించినాడు. పరదేశి అయితే చాలును, ఏ దేశమైనా ఒకటే గాబోలు!

1942 నాటి ‘కాసాబ్లాంకా’లో శరణార్థులకు ప్రయాణపత్రాలు అమ్ముకునే చిల్లర దళారి ఉగార్తె వేషం అతనిది. తెరమీద నిలిచేది కొద్ది నిమిషాలే అయినా మరపురాదు. అందులో నాజీ అధికారిగా నటించిన కాన్రాడ్ వైట్ కూడ నాజీల పాలన భరించలేక జర్మనీ వీడినవాడే. పారిపోయి వచ్చినవారికి తరిమినవారి వేషాలే దక్కినవి. యాస సరిపోయినది కదా.

యుద్ధానంతరం జర్మనీకి వెళ్లి, 1951లో ‘డెర్ ఫెర్లోరెనె’ చిత్రానికి తానే దర్శకత్వం వహించి ప్రధాన పాత్ర ధరించినాడు. నాజీ కాలంలో హంతకుడైన ఒక శాస్త్రజ్ఞుని కథ అది. ఆ జ్ఞాపకాలను తవ్వుకొనుటకు నాటి జర్మను ప్రేక్షకులు ఇష్టపడలేదు. లోరె తిరిగి అమెరికా చేరినాడు. మరొక చిత్రానికి దర్శకత్వం వహించలేదు.

1954లో అమెరికా టెలివిజనులో ప్రసారమైన ‘కాసినో రాయల్’లో జేమ్స్ బాండ్‌కు తొలి ప్రతినాయకుడు లోరెయే. ఫ్లెమింగ్ నవలలో ఆ పాత్ర ఏ దేశమూ తనది కానివాడు. 1963 నాటి ‘ది రేవెన్’ అనే హాస్య చిత్రంలో, రచయిత రాయని చమత్కారాలను అప్పటికప్పుడు ఇంగ్లీషులోనే అల్లి చెప్పినాడు. 1964 మార్చి నెలలో లాస్ ఏంజిలిస్‌లో మరణించినాడు.