ఇటుక లాంటి లైకా

మొన్న మన ఉగాది సభలో పిల్లల నాటకానికి ఫొటోలు తీస్తూ ఉంటే మిత్రులొకరు నా మెడలో వేలాడుతున్న కెమెరాను చూసి, "ఏమిటండీ ఈ ఇటుక?" అన్నారు. లైకా అన్నాను. ఆయన నమ్మలేదు. తిప్పి పేరు చూపించాక, "లైకా అంటే ఇలా ఉండదే!" అని ఆశ్చర్యపోయారు. ఆయన మాట నిజమే. లైకా ఇలా ఉండదు. ఇలా ఉన్నందుకే ఈ ఒక్క నమూనా ఆ కెమెరా వంశాన్నే దాదాపు అంతం చేసినంత పని చేసింది. భోజనాల వరుసలో నిలబడి ఆ కథ సగం చెప్పాను. సాంబారు దగ్గర తెగిపోయిన మిగతా సగం కోసం ఇలా కలం పట్టవలసి వచ్చింది.

రేంజ్ ఫైండర్ అంటే ఏమిటో తెలియనివారికి ముందుగా నాలుగు మాటలు. మనకు రెండు కళ్ళున్నందువల్ల వస్తువు ఎంత దూరంలో ఉందో పోల్చుకోగలుగుతున్నాం గదా. ఈ కెమెరాకూ ముందువైపు రెండు కిటికీలుంటాయి. పెద్ద కిటికీలోంచి మనం దృశ్యాన్ని నేరుగా చూస్తాం. చిన్న కిటికీలోంచి వచ్చిన బొమ్మ లోపలి అద్దాల మీదుగా మళ్ళి, పెద్ద దృశ్యం నడుమ ఒక చిన్న గడిలో కనిపిస్తుంది. మొదట ఆ గడిలో మనిషికి రెండు ముక్కులుంటాయి. లెన్సు తిప్పుతూ పోతే ఒక ముక్కు జరిగి జరిగి రెండోదానిలో కలిసిపోతుంది. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. లెన్సు వెనుక అంచును ఆనుకొని ఉండే ఒక బుల్లి చక్రం ఈ జరగడాన్ని నడిపిస్తుంది.

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో మనం చూసేది లెన్సులోంచే. మీట నొక్కగానే లోపలి అద్దం టప్పున పైకి లేస్తుంది, ఆ క్షణం కంటికి చీకటి. రేంజ్ ఫైండర్‌లో అలా లేచే అద్దమే లేదు. అందుచేత చప్పుడు తక్కువ, కెమెరా పలుచన, ఫొటో పడే క్షణం కూడా కంటి ముందే ఉంటుంది. దూరపు పక్షులకూ, పువ్వు మీద సీతాకోక చిలుకకూ మాత్రం ఇది పనికిరాదు. మనుషులకు పనికివస్తుంది.

జర్మనీలోని వెట్‌జ్లార్ పట్టణంలో లైట్జ్ కంపెనీ ఉద్యోగి ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిలిం వాడే చిన్న కెమెరాను రూపొందించాడు. 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో అది లైకాగా జనంలోకి వచ్చింది. లెన్సుతో ముడిపెట్టిన రేంజ్ ఫైండర్ 1932లో చేరింది. 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీజీని కలుసుకొని, ఆయన హత్యకు కొద్ది సేపటి ముందే సెలవు తీసుకొని, ఆపైన అంతిమయాత్రను చిత్రించిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రి కార్తియే-బ్రెసోఁ వాడినవి ఈ కెమెరాలే. ఆయన తన కెమెరా మీద మెరిసే భాగాలను నల్ల టేపుతో కప్పేసేవాడు. ఈ టేపు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1954లో వచ్చిన ఎం3తో లైకా రూపం స్థిరపడింది. గుండ్రని చివరలు, సన్నని నడుము, పొడవు 138 మిల్లీమీటర్లు, ఎత్తు 77. ఫైండర్‌లో దృశ్యం ఇంచుమించు కంటికి కనిపించినంత పెద్దది. 50, 90, 135 మిల్లీమీటర్ల లెన్సుల్లో ఏది తగిలిస్తే దాని గీతల చట్రం తనంతట తానే వెలుగుతుంది. రెండు కళ్ళూ తెరిచి ఫొటో తీయవచ్చు. ఇవి రెండు లక్షల ఇరవై వేలకు పైగా తయారయ్యాయి. అందమైన వస్తువే గాని, అందం కోసం పెట్టిన గీత ఒక్కటి కూడా దాని మీద లేదని నా అభిప్రాయం. చివరలు గుండ్రంగా ఉన్నది అరచేతిలో ఇమడడానికి.

ఆ తరువాత జపాను గాలి వీచింది. 1959లో నైకాన్ ఎఫ్ వచ్చింది. 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్ వచ్చి, లెన్సులోంచి పడే వెలుతురునే కొలిచే మీటరును కెమెరా లోపలే పెట్టింది. 1967 నాటి లైకా ఎం4లో మీటరే లేదు. కావాలంటే విడిగా కొని కెమెరా నెత్తిన తగిలించుకోవాలి. ధర చూస్తే ఆకాశంలో. ఇక లైట్జ్ ఇంజనీర్లు నడుం బిగించారు. 1971లో ఎం5 తెచ్చారు. నా ఇటుక అదే.

దీన్ని కాగితం మీద చదివితే ఎవరైనా కొనేయాలి. లెన్సు వెనుక, షట్టరు తెరకు ముందు, ఒక సన్నని కాడ చివర వెలుతురును కొలిచే సెల్లు నిలబడి ఉంటుంది. మీట నొక్కగానే అది తప్పుకొని దారి ఇస్తుంది, ఫిలిం తిప్పితే మళ్ళీ వచ్చి నిలుస్తుంది. గుడి గర్భాలయం గుమ్మంలో నిలబడి, హారతి వేళకు పక్కకు జరిగే పెద్దమనిషిలాగన్నమాట. ఫైండర్ అడుగున రెండు సూదులు ఉంటాయి. రెండూ కలిస్తే వెలుతురు సరిపోయినట్టు. పక్కనే షట్టరు వేగం అంకెలలో కనిపిస్తుంది. వేగాన్ని మార్చే చక్రం పెద్దది, ముందు అంచు దాటి కాస్త బయటికి వచ్చి ఉంటుంది. కంటి నుంచి కెమెరా దించకుండా చూపుడు వేలి కొసతో తిప్పవచ్చు. పాతికేళ్ళ తరువాత వచ్చిన లైకాలలో కూడా కొన్నింటికి ఈ సౌకర్యాలన్నీ లేవు.

ఇవన్నీ పట్టాలంటే ఒళ్ళు పెరగాలి. పొడవు ఒక సెంటీమీటరుకు పైగా పెరిగింది, ఎత్తు, బరువూ పెరిగాయి. గుండ్రని చివరల మీద చదరపు పెట్టె కూర్చున్నట్టయింది. ఫిలిం వెనక్కి చుట్టే మీట అడుగుకు పోయింది. అన్నింటినీ మించి, పట్టీ తగిలించే కొక్కేలు రెండూ ఒకే చివర పెట్టారు. కెమెరా మెడలో నిలువుగా, గడ్డకట్టిన పావు సంచీలా వేలాడుతుంది. వాడేవారు గోల చేస్తే తరువాతి వాటికి మూడో కొక్కెం చేర్చారు. నాది రెండు కొక్కేలదే.

ఎం5 నాలుగేళ్ళలో ఆగిపోయింది. మొత్తం అమ్ముడైనవి సుమారు 34 వేలు. మధ్యలో 1974లో పాత ఎం4నే మళ్ళీ తయారుచేయవలసి వచ్చింది. 1975 వచ్చేసరికి వెట్‌జ్లార్‌లో ఎం వరుస కెమెరాల తయారీయే నిలిచిపోయింది.

"చూశారా, జనానికి పని కన్నా సోకు ముఖ్యం" అని మిత్రులన్నది ఇక్కడే. నేను ఒప్పుకోలేకపోయాను. ఎందుకంటే 1973లో లైట్జ్ వారే మినోల్టాతో కలిసి సి.ఎల్. అనే చిన్న కెమెరా తెచ్చారు. జపానులో తయారైంది. అందులోనూ కాడ మీద నిలబడే అదే రకం మీటరు. దానికీ పాత లైకా పోలిక లేదు, పట్టీ దాన్నీ నిలువుగానే వేలాడదీస్తుంది. అయినా అది ఎం5 కంటే ఎక్కువ అమ్ముడైంది, పెద్దన్న బేరాలు కొన్ని తానే లాగేసుకుంది కూడా. అది చిన్నది, చవక. అంటే కొనేవారు కొత్త రూపానికి బెదరలేదు. పెద్ద ఎస్.ఎల్.ఆర్.కు బదులు చిన్నదని గదా లైకా కొంటున్నది. అదీ పెద్దదే అయి, ధర కూడా మండిపోతుంటే ఎందుకు కొనాలి? రోజంతా చేతిలో మోసే వస్తువుకు కొలతలు కూడా పనిలో భాగమే. ఇరవై ఏళ్ళుగా ఎం3కు అలవాటుపడిన వేళ్ళు చీకట్లో కూడా దేని చోటు దానికి తెలుసుకొని పోతాయి. ఎం5 వాటికి కొత్త ఊరు. పైగా వెనుక భాగం బాగా లోపలికి పొడుచుకు వచ్చే కొన్ని పాత వెడల్పు లెన్సులు దీనికి సరిపడలేదు. ముడుచుకునే లెన్సులను ముడిస్తే ఆ కాడకు తగులుతాయి. ఇవి సోకు లోపాలు కావు. పని లోపాలే.

అప్పుడు ఆదుకున్నది కెనడా. ఒంటారియోలోని మిడ్‌లండ్‌లో లైట్జ్‌కు ఒక శాఖ ఉండేది. దాని అధిపతి వాల్టర్ క్లుక్ పట్టుబట్టి ఎం తయారీని అక్కడికి తెప్పించుకున్నాడు. 1977లో ఎం4-2 వచ్చింది. మీటరు లేదు, సెల్ఫ్ టైమరు తీసేశారు. చూపులకు మాత్రం పాత లైకాయే. అలా ఊపిరి నిలిచింది. 1984లో ఎం6 వచ్చింది. షట్టరు తెర మీద తెల్లని చుక్క వేసి, దాని మీద పడి వెనక్కి వచ్చే వెలుతురును కొలిచారు. కాడ అక్కరలేదు, సూదుల బదులు రెండు చిన్న ఎర్ర దీపాలు చాలు. అదంతా ఎం3 నాటి ఒంట్లోనే ఇమిడింది. షట్టరు వేగం ఫైండర్‌లో కనబడదు, చక్రం మళ్ళీ చిన్నది. అయినా లక్షకు పైగా అమ్ముడైంది. 2022లో దాన్ని మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టారు.

ఈలోగా మనలాంటి సంసారుల రేంజ్ ఫైండర్ల కథ వేరే దారిన నడిచింది. 1961లో కానొనెట్, 1966లో యాషికా ఎలక్ట్రో 35 వచ్చి ఇంటింటికీ చేరాయి. మీలో కొందరి బీరువాల్లో తోలు సంచీతో సహా యాషికా ఇంకా ఉండే ఉంటుంది. 1977లో కోనికా తనంతట తానే ఫోకస్ చేసుకొనే కెమెరా తెచ్చాక రెండు ముక్కులు కలిపే శ్రమ ఎవరికీ అక్కరలేకపోయింది. పనిలో మెరుగైనది రాగానే ఆ రకమంతా చల్లగా తప్పుకుంది. లైకా ఒక్కటే తప్పుకోలేదు.

ఎందుకు తప్పుకోలేదంటే, కంపెనీ ఎం5 నేర్పిన పాఠాన్ని మరీ బాగా వంటబట్టించుకుంది. 1998లో ఎం6 టి.టి.ఎల్. అని ఫ్లాష్ సౌకర్యంతో వస్తే, ఎత్తు రెండు మిల్లీమీటర్లు పెరిగిందని సణిగినవారున్నారు. 2003 నాటి ఎం.పి.లో ఎత్తు మళ్ళీ తగ్గింది. అంతటితో ఆగక, ఫిలిం వెనక్కి చుట్టడానికి ఎం4 నాటి చేతిమీట తీసేసి ఎం3 నాటి బొడిపెను మళ్ళీ పెట్టారు. వేళ్ళతో పట్టి తిప్పి, వదిలి, మళ్ళీ పట్టి తిప్పాలి. గట్టిది అంటారు, కావచ్చు. ఆలస్యమన్నది మాత్రం నిజం.

డిజిటల్ కాలంలో ఇది ఇంకా ముదిరింది. మొట్టమొదటి డిజిటల్ రేంజ్ ఫైండర్ 2004లో ఎప్సన్ వారి ఆర్-డి1. దానికి ఫిలిం లేకపోయినా ఫిలిం తిప్పే మీట ఉండేది. ఆ మీట షట్టరును బిగించేది. వేషం పాతదే గాని చేసేది నిజమైన పని. 2018లో లైకా ఎం10-డి వచ్చింది. దానికీ అలాంటి మీటే ఉంది. అది దేన్నీ తిప్పదు, దేన్నీ బిగించదు, బొటనవేలు ఆనించుకోవడానికి మాత్రమే! ఫిలిం కాలంలో అడుగు పలక ఊడదీసి ఫిలిం ఎక్కించేవారు గదా, డిజిటల్ లైకాలలో కూడా బ్యాటరీ మార్చాలంటే ఆ పలక ఊడదీసి నోట కరుచుకొని నిలబడవలసిందే. 2022లో ఎం11 వచ్చేదాకా ఆ ముచ్చట తీరలేదు. ముందువైపు ఎర్ర చుక్క గుర్తును పనిమంతులు నల్ల టేపుతో కప్పుకునేవారు. ఇప్పుడు ఆ చుక్క లేని రకాలను కంపెనీయే ఎక్కువ ధరకు అమ్మింది. 2015లో లెనీ క్రావిట్జ్ అనే సంగీతకారుని పేరిట 125 కెమెరాలకు కర్మాగారంలోనే నల్ల రంగు గీకి, లోపలి ఇత్తడి కనిపించేలా చేసి, ఏళ్ళ తరబడి వాడినట్టు తయారుచేసి అమ్మారు. ఎవరి చెమటో ముందే పట్టించి ఇచ్చిన చొక్కా!

నా ఎం5 నాకు దొరికింది ఇలాంటి మోజుల పుణ్యమే. చాలాకాలం పాటు పాత కెమెరాల దుకాణాల్లో అది ఎం4 కంటే చవక. బరువు నిజంగానే బరువు. మధ్యాహ్నానికి మెడ లాగుతుంది. అప్పటి పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు దొరకవు గనుక, వినికిడి యంత్రాలలో వేసే జింకు బ్యాటరీలు చిన్న రింగులో పెట్టి వాడుతున్నాను. మీటరు ఇప్పటికీ ఖచ్చితంగానే చెబుతోంది. నాటకం ఫొటోలు వచ్చే నెల సమావేశానికి తెస్తాను, కెమెరా కూడా తెస్తాను. ఎవరి దగ్గరైనా ఎం3, ఎం4 ఉంటే దయచేసి పట్టుకురండి. కళ్ళు మూసుకొని ఒకదాని తరువాత ఒకటి చేతిలోకి తీసుకొని చూద్దాం.